పేజీ తిప్పమన్నారనుకున్నాను

ఆ వేసవిలో నేను వండినన్ని రకాలు నా జన్మలో ఎప్పుడూ వండలేదు. ఒక్కటీ ఆయన గొంతు దిగలేదు. చెంచా దగ్గరికి తెస్తే పెదవులు బిగించేవారు. బతిమాలి పెడితే ముద్దను బుగ్గలో దాచుకుని, నేను గిన్నె కడగడానికి వెళ్ళగానే తువ్వాల్లోకి ఊసేసేవారు. ఆ తువ్వాలు ఉతకడం, మళ్ళీ పొయ్యి వెలిగించడం, మళ్ళీ చెంచా పట్టుకుని మంచం అంచున కూర్చోవడం. రోజంతా అదే పని.

మా ఆయన భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. రుఆబాంధాలో లీజు క్వార్టరులో ఇద్దరమే ఉంటాం. చలికాలం చివర్లో ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ సింకు దగ్గరే ఒరిగిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా పోలేదు, తెగిన దారంలా అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క మిగిలింది. "ఊఁ" అనేవారు. "కాదు" అనేవారు. ఒక్కోసారి ఏదో భాషలో ఏదో అనేవారు, అది ఏ భాషో తెలిసేలోపు అలిసిపోయి కళ్ళు మూసుకునేవారు.

ఆస్పత్రిలో డాక్టరు నీళ్ళు తాగించి చూశాడు, మెత్తటి అరటిపండు తినిపించి చూశాడు. మింగడానికి పెద్ద ఇబ్బందేమీ లేదు, తినాలని లేదు, అంతే అని హిందీలో చెప్పాడు. ఇచ్చేది కాస్త చిక్కగా ఉండాలి, మరీ నీళ్ళలా ఉంటే పొలమారుతుందన్నాడు. తూకం చూసిన నర్సు తల అడ్డంగా ఊపింది.

"ఐసా హీ రహా తో నలీ డాల్నీ పడేగీ, మాతాజీ" అన్నాడు డాక్టరు.

ముక్కులోంచి గొట్టం వేసి దానిలో పోస్తారట. ఆయన వింటూనే ఉన్నారు. నలీ అన్న మాట వినగానే ఎడమ చెయ్యి నా చీర కొంగును పట్టుకుంది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా వదల్లేదు. అందుకే వండడం మొదలుపెట్టాను.

ముందు మా వాళ్ళ వంటలన్నీ అయిపోయాయి. పెసరకట్టు, బెల్లం పులుసు, చోడంబలి, మెత్తగా పిసికిన చారన్నం. రాయపూర్‌లో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసేది. దానికి తెలుగు సగమే వచ్చు.

"అమ్మా, నాన్న ఖాయే క్యా?"

"లేదే."

"ఓట్స్ పంపించాను కదా, దాంట్లో సబ్ కుచ్ ఉంటుంది. దూద్‌లో ఉడకబెట్టు, బస్."

ఉడకబెట్టాను. ఆయన వాసన చూసి మొహం తిప్పుకున్నారు. ఆ ఓట్స్ నేనే తిన్నాను. చోడంబలీ నేనే తాగాను. ఆయన ఎముకలు తేలుతుంటే నేను బరువెక్కుతున్నాను. వండిన తిండి పారేయడం మా అమ్మ నాకు నేర్పలేదు మరి.

మా వంటలు అయిపోయాక మిగిలిన వాళ్ళ వంటల్లోకి వెళ్ళాను. ఆ దారి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

నేను పెరిగింది సెక్టర్ 6లో. మా నాన్నది శ్రీకాకుళం వైపు ఒక పల్లె. ప్లాంటులో పని దొరికి ఇక్కడికి వచ్చాడు. మా క్వార్టరుకి ఒక గోడ అవతల మలయాళీలు, ఇంకో గోడ అవతల బెంగాలీలు, ఎదురుగా సర్దార్జీ కుటుంబం. గోడల మీద గిన్నెలు నడిచేవి. వచ్చిన గిన్నెను మా అమ్మ ఉత్తగా తిరిగి పంపేది కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు మరమరాలైనా, ఒక నిమ్మకాయైనా వేసి పంపేది. అవతలి వాళ్ళదీ అదే పట్టింపు. దాంతో గిన్నెలు ఎప్పటికీ సొంత ఇంటికి చేరి నిలిచేవి కావు. మా ఇంట్లో బెంగాలీ అక్షరాలు చెక్కిన గిన్నె ఒకటి చివరిదాకా ఉండిపోయింది. దాని మీద ఏం రాసి ఉందో మాకెవరికీ తెలియదు.

ఆ గిన్నెలు మోసింది నేను. పెద్దదాన్ని. చంకలో ఒక తమ్ముడు, చేతిలో ఒక గిన్నె. అమ్మ పనికి వెళ్ళేది కాబట్టి నన్ను బడికి పంపలేదు. బడికి వెళ్ళలేదు కాని అందరి వంటిళ్ళలోకీ వెళ్ళాను. గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. వాళ్ళు ఏది వేస్తే దాని పేరు అడిగేదాన్ని. అలా నాకు ముందు తిండి మాటలు వచ్చాయి, వాటి వెనకాల భాషలు వచ్చాయి. అన్నాన్ని ఎవరి ఇంట్లో ఏమంటారో తెలుసు. ఉప్పు తక్కువైందని అందరి భాషల్లోనూ చెప్పగలను.

మా లైనులోని తెలుగు పెద్దావిడ ఒకరు మా అమ్మని ఎగతాళి చేసేవారు.

"ఒలే, నీ కూతురు ఎవులింట్లో ఏటి తినేస్తందో సూసుకుంతన్నావా?"

"తిన్నాక మూతి కడిగేసుకుంతాది లెండి" అనేది అమ్మ.

అమ్మ పనిచేసింది ఒక రష్యా ఇంజినీరు ఇంట్లో. అప్పట్లో ప్లాంటు కోసం వచ్చిన రష్యా కుటుంబాలు ఇంకా ఇక్కడ ఉండేవి. అమ్మ గిన్నెలు తోముతుంటే నేను తమ్ముణ్ణి ఆడిస్తూ వంటింటి గడప మీద కూర్చునేదాన్ని. ఆ మేమ్‌సాబ్ లావుగా, ఎర్రగా, ఎప్పుడూ చెమటతో ఉండేది. భిలాయి ఎండకి ఆమె పడే అవస్థ చూసి అమ్మ జాలిపడేది. ఒకసారి నాకు ఎర్రటి చారు పోసింది, దాని మీద తెల్లటి మీగడ. నేను నెత్తురనుకుని ఏడ్చాను. ఆమె పరిగెత్తి వెళ్ళి ఒక బీట్‌రూట్ తెచ్చి చూపించింది. అప్పుడు తాగాను. తియ్యగా, పుల్లగా ఉంది. ఇంకోసారి కిటికీలో గాజు సీసా ఒకటి కనబడింది. నల్లరొట్టె ముక్కలు నీళ్ళలో నానేసి పులియబెట్టింది. ఆమె గ్లాసులో పోసిచ్చింది. వాసన ముక్కుకు తగలగానే నేను అరిచాను.

"అమ్మా! తరవాణి!"

మా ఇంట్లో అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టే కుండ ఉండేది, దాని నీళ్ళను తరవాణి అంటాం. అమ్మ చెయ్యి తుడుచుకుని ఒక గుక్క తాగింది. "అవునే, మనదే. ఈళ్ళకీ ఉందన్నమాట" అంది. మేమ్‌సాబ్ తన గుండె మీద చెయ్యి వేసుకుని "క్వాస్" అంది. అమ్మ "తరవాణి" అంది. ఆమె ఎంత కష్టపడినా "తర్వాన్" దగ్గరే ఆగిపోయేది. తర్వాత నుంచి అమ్మ పనికి వెళ్ళగానే "తర్వాన్?" అని ఆమె గ్లాసు పట్టుకొచ్చేది. ఇద్దరూ నిలబడి తాగి, ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళేవారు. వాళ్ళ మధ్య అంతకు మించి మాటలు లేవు.

ఇవన్నీ ఆయన మంచం పక్కన కూర్చుని గుర్తు చేసుకున్నాను. గుర్తొచ్చినవన్నీ వండాను. బెంగాలీల నెయ్యి వేసిన కిచిడీ. మలయాళీల ఇష్టూ, కొబ్బరిపాలలో బంగాళాదుంపలు మెత్తగా కరిగేదాకా ఉడికించి. సర్దార్జీ ఇంటి సర్సోం కూర, బజారులో ఆవాకు దొరక్క పాలకూరతో సరిపెట్టుకుని. చివరికి ఆ ఎర్రటి చారు కూడా చేశాను. గిన్నె చూసి ఆయన నా మొహంలోకి చూశారు. మాట ఉంటే "ఇదేటే?" అనేవారు. ఆ చూపుకి నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. మేమ్‌సాబ్ లాగే నాకూ చెమటలు కారుతున్నాయి. మోకాళ్ళు పీకేస్తున్నాయి. ఆ చారు కూడా నేనే తాగాను.

చదువు సంగతి ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నేను అక్షరాలు నేర్చుకుంది జుట్టు తెల్లబడ్డాక. తెలుగు సంఘం వరండాలో రిటైరైన ఒక టీచరమ్మ మాలాంటి ఆడవాళ్ళకి సాయంత్రాలు చెప్పేవారు. హిందీ నేర్చుకో, బోర్డులైనా చదువుకోవచ్చు అన్నారు అందరూ. హిందీ నా నోటినిండా ఉంది, రాయకపోయినా ఎక్కడికీ పోదు. తెలుగే నా పిల్లల దగ్గరికి వచ్చేసరికి సగమైపోయింది. అందుకే తెలుగు పట్టుకున్నాను.

మా ఆయన మొదట్లో వేళాకోళం చేశారు. "ఇప్పుడు సదివి కలకటేరవుతావేటే?" అన్నారు. తర్వాత పెద్ద అక్షరాల పిల్లల కథల పుస్తకం ఆయనే తెచ్చిపెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను చదవాలి, ఆయన పడుకుని వినాలి. నేను 'ళ'ని 'ల' అంటే కళ్ళు తెరవకుండానే సరిదిద్దేవారు. ఒక్కో పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయేదాన్ని. అక్షరం కూడబలుక్కుని, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి. ఆయన ఓపిక చచ్చి, "పేజీ తిప్పవే బాబూ, ఆ నక్క ముసిలిదైపోయింది" అనేవారు.

జబ్బు చేశాక కూడా చదవడం మానలేదు. తిండి పెట్టలేకపోతున్నాను, ఇదైనా పెడదామని. గుటకలా కాకపోయినా చెవిలోకి వెళ్తుంది కదా. ఒకరోజు నేను చదువుతుంటే ఆయన పెదవులు కదిలాయి.

"పే... జ్."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పాత మాట! పేజీ తిప్పమంటున్నారు. తిప్పాను. చదవడం మొదలుపెట్టాను.

"కాదు" అన్నారు. "పేజ్."

ఇంకోటి తిప్పాను. ఎడమ చేత్తో మంచం మీద కొట్టారు. వెనక్కి తిప్పాను. మళ్ళీ కొట్టారు. "పేజ్, పేజ్" అంటూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. నేను పుస్తకం మూసేశాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను పుస్తకం తీసినా తీయకపోయినా ఆ మాటే. నాకు అర్థమైందనుకున్నాను. నా చదువు ఆయన భరించలేకపోతున్నారు. ఇదివరకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు నవ్వుతూ ఓర్చుకున్నారు, ఇప్పుడు నా నత్తి చదువు విని విసుగెత్తిపోతున్నారు. బేగి చదవమనో, ఆపెయ్యమనో అంటున్నారు. పుస్తకం తీసి బీరువా మీద పెట్టేశాను. ఆ రోజంతా వంటింట్లో గిన్నెల చప్పుడు ఎక్కువైంది. ఎవరి మీద కోపమో తెలియదు. అలిసిపోయిన మనిషికి కోపం ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

ఆస్పత్రికి మళ్ళీ తీసుకెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. ఈసారి తూకం తగ్గితే గొట్టమే. అప్పుడు చరోదా నుంచి మా వదిన వచ్చింది. ఆయన అక్క. వాళ్ళ నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్, అక్కడి రైల్వే యార్డు పక్కన కాలనీలోనే అక్కాతమ్ముళ్ళిద్దరూ పెరిగారు. ఆమె ఇప్పటికీ ఆ దగ్గర్లోనే ఉంటోంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, నడుము మాత్రం వంగిపోయింది. ఆటో దిగి, తిట్టుకుంటూ మెట్లెక్కి, తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మ! ఏటిలా అయిపోనావురా తమ్ముడా! ఒలే, ఈడికి తిండి పెడతన్నావా, గాలి పెడతన్నావా?"

"నువ్వే పెట్టి చూడు ఒదినా" అన్నాను.

ఆమె మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు.

"పేజ్" అన్నారు.

"మళ్ళీ మొదలైంది" అన్నాను. "నేను చదువుతుంటే పేజీ తిప్పమని గోల. తిప్పినా కోపమే, తిప్పకపోయినా కోపమే. నా చదువంటే పడట్లేదు."

వదిన నా వైపు తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"సదువొచ్చి నీకు సెవులు పోనాయేటే? పుస్తకం పేజీ కాదే పిచ్చిదానా. పేజ్! గంజి! ఈ దేశపోల్లు తాగీ గంజి!"

నేను బీరువా మీది పుస్తకం వైపు చూశాను.

నాకు ఆ మాట తెలుసు. ఎందుకు తెలియదు? సెక్టర్ 6లో మా ఇంటికి కూరలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని అల్యూమినియం డబ్బా ఎత్తి తాగుతుంటే, "ఏటి తాగుతున్నావు దీదీ?" అని నేనే అడిగాను. "పేజ్, నోనీ" అంది. ఆడపిల్లల్ని వాళ్ళు నోనీ అంటారు. నాకూ రెండు గుక్కలు పోసింది. నూకలను ఎక్కువ నీళ్ళలో విరిగిపోయేదాకా ఉడికించి, వార్చకుండా అలాగే ఉంచి, ఉప్పు వేసి తాగేది అది. అక్షరం ముక్క రాని రోజుల్లో ఆయన ఆ మాట అని ఉంటే నా చెవి నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్ళి ఉండేది. చేతిలో పుస్తకం ఉండబట్టి పుస్తకంలోకి వెళ్ళింది.

వదిన చెబుతూ ఉంది, తమ్ముడి చెయ్యి నిమురుతూ.

"మా సిన్నప్పుడు మా అమ్మ ఆస్పత్రిలో పడిపోనాది. మా అయ్యకి డూటీ. మాకు వండీవోల్లు లేరు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ పిలిసీది. కాకీ అనేవోల్లం, ఈళ్ళల్లో పిన్నిని అలాగే అంటారు గదా. మా అమ్మ ఒచ్చాక ఇని, 'మనిసిని పట్టుకుని కాకంటారేట్రా' అని మొట్టింది." ఇక్కడ ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన పెదవి కూడా ఒక పక్కకి కదిలింది. "ఆ కాకీ మాకు పేజ్ పోసీది. ఈడు అదే తాగి పెరిగినాడా రోజుల్లో. మా అయ్యకి మాత్రం నామోషీ. పెళ్ళాం మంచానడితే పిల్లలకి పక్కింటి గంజి తాగిస్తన్నాడని కాలనీలో తెలుగోల్లు అంటారని. ఎవులికీ సెప్పకండ్రా అన్నాడు. నాను ఇప్పుడు సెప్తన్నాను. ఈడు నీకూ సెప్పలేదన్నమాట."

చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఎవరెవరి వంటలో తెచ్చి పెట్టాను, అన్నీ తిన్నారు. ఇది ఒక్కటీ అడగలేదు.

డబ్బాలో నూకలు ఉన్నాయి. ఉప్మా కోసం తెచ్చినవి. కుక్కరు వద్దంది వదిన. వెడల్పాటి గిన్నెలో ఎసరు పెట్టి, నూకలు వేసి, సన్నటి సెగ మీద ఉంచాం. మధ్యమధ్య కలుపుతూ నేను నిలబడ్డాను, వదిన పీట మీద కూర్చుని నన్ను ఆరాలు తీస్తూనే ఉంది. డాక్టరు చిక్కగా ఇవ్వమన్నాడని చెప్పాను. "సిక్కంగానే ఉంటాదే పేజ్. నీళ్ళలా ఉంటే అది పసియా" అంది. ఉప్పు వేసి చల్లార్చాం. నేను అలవాటుగా చెంచా తీశాను.

"సెంచా ఏటే?" అంది వదిన. "పేజ్ సెంచాతో తాగుతారేటి ఎవులైనా? గిన్ని తే."

ఆయన వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. వదిన స్టీలు గిన్నె తెచ్చి ఆయన ఎడమ చేతిలో పెట్టి, తన చెయ్యి కింద ఆసరాగా ఉంచింది. ఆ కాకీ తాగమని ఎలా అనేదో అలాగే అంది.

"లే బాబూ, పేజ్ పీ లే."

ఆయన గిన్నె వైపు చూశారు. మెల్లగా ఎత్తారు. కొంత గడ్డం మీద పడింది, బనియను తడిసింది. నేను తుడవబోతే వదిన నా చెయ్యి పక్కకి తోసింది. ఒక గుక్క. ఆగారు. గొంతు కదిలింది. ఇంకో గుక్క. బుగ్గలో ఏదీ దాచుకోలేదు. సగం గిన్నె అయ్యాక కిందికి దించి, కళ్ళు మూసుకున్నారు. అప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్ళూ నేను రకాలు మార్చాను కాని చెంచా మార్చలేదు. ఆయన నోటి ముందు చంటిపిల్లాడికి పట్టినట్టు చెంచా పట్టి కూర్చున్నాను. ఒక్కసారీ ఆయన చేతిలో గిన్నె పెట్టలేదు.

నాకు సంతోషం కలగలేదు. నిజం చెబుతున్నాను. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను. వదిన గిన్నె అడుగున మిగిలింది నాకు ఇచ్చింది. "నువ్వూ తాగు. నీ మొకం సూడు, దెయ్యం పట్టినట్టుంది." తాగాను. ఉప్పగా, చల్లగా ఉంది. ఆకలితో ఏదైనా తిని ఎన్నాళ్ళైందో.

తర్వాతి తూకం ఏమంత పెరగలేదు. తగ్గలేదు. డాక్టరు "అభీ నలీ నహీఁ" అన్నాడు. ఇప్పుడే వద్దన్నాడు, ఎప్పటికీ వద్దనలేదు. ఆటోలో ఆయన చెయ్యి నా కొంగు మీద లేదు, తన మోకాలి మీదే ఉంది. ఇప్పుడు గిన్నెలో పోసి చేతికిస్తే కిచిడీ కూడా కొంచెం తింటున్నారు. ఓట్స్ మాత్రం ఇప్పటికీ తినరు. బనియన్లు ఉతికే పని రెట్టింపైంది. మా అమ్మాయి ఫోనులో "పేజ్ మతలబ్, రైస్ సూప్?" అని అడిగింది. అవును తల్లీ అన్నాను. వివరించే ఓపిక లేకపోయింది.

మొదటిసారి పేజ్ తాగిన ఆ రోజే, వదిన వెళ్ళిపోయాక ఆయన మళ్ళీ "పేజ్" అన్నారు. గిన్నె తెచ్చాను. "కాదు" అన్నారు. చూపు బీరువా మీదికి వెళ్ళింది. పుస్తకం దింపి, దుమ్ము దులిపి, ఆపిన చోటు వెతికాను. నక్క ఇంకా బావి దగ్గరే ఉంది. నత్తి నత్తిగానే చదివాను. 'ళ'ని 'ల' అన్నాను కాబోలు, ఆయన నుదురు ముడిపడింది.

ఇప్పుడు ఆయన ఆ మాట అన్నప్పుడల్లా రెండూ పట్టుకుని వెళ్తాను, ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో పుస్తకం. ఆయన ఏదో ఒకదాని వైపు చూస్తారు. ఒక్కోసారి రెండింటి వైపూ చూడరు, నా వైపు చూస్తారు. అప్పుడు రెండూ కింద పెట్టేసి, మంచం పక్కన కాసేపు నడుం వాలుస్తాను.